టచ్ స్క్రీనుకి రెండు బొట్లు

వియ్యపురాలి కాలు తమ కారులో పడేలోపు ఆ కారుకో టీవీ పెట్టించి తీరాలని నాంచారమ్మ పట్టుబట్టింది. దాన్ని టీవీ అనరు, టచ్ స్క్రీన్ స్టీరియో అంటారని మొగుడు గురవయ్య ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు. బొమ్మ కనిపించేదేదైనా ఆమె లెక్కలో టీవీయే. అది లేని కారులో వియ్యపురాలిని భద్రాచలం తీసుకుపోవడమంటే చెవులకు కమ్మలు లేకుండా పెళ్లికి పోవడమంత తలవంపు.

ఇందులో తలవంపేమిటో గురవయ్యకు అర్థం కాలేదు. పాపం, ఆయన బతుకంతా బొగ్గుబాయిలో హాలేజీ ఆపరేటరుగా గడిచింది. భూమి అడుగున ఇనుప తాడుకు కట్టిన బొగ్గు టబ్బులను గంట మోతను బట్టి నడపాలి, గంట మోతను బట్టి ఆపాలి. బాయిలో గంట చెప్పినట్టు విన్నాడు, ఇంట్లో పెళ్లాం చెప్పినట్టు విన్నాడు. రిటైరయ్యాక వైరాలో ఇల్లు కట్టుకుని ఒక పాత వ్యాగనార్ కొనుక్కున్నాడు. అందులో పాటలు రావు. పాటలు కావాలంటే పక్కన కూర్చుని నాంచారమ్మే పాడుతుంది.

అసలు మంట వేరే ఉంది. వీళ్ల కూతురు నవత, తల్లాడ కుర్రాడు నాగచైతన్య ఖమ్మం కాలేజీలో కలిసి చదువుకున్నారు, ఇష్టపడ్డారు, పెద్దవాళ్లు సరేనన్నారు. పెళ్లి చక్కగా జరిగింది. నవత అత్తగారు భారతమ్మ చెడ్డ మనిషేం కాదు. వాళ్ల పెద్దలు ఎప్పుడో కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. మిర్చి, పత్తి, ట్రాక్టర్లు, దేనికీ లోటు లేదు. కోడలిని కష్టపెట్టే రకమూ కాదు. కాకపోతే ఆమె నోట్లోంచి వచ్చే ప్రతి మాటా డాబా మీద నుంచి దిగి వస్తుంది.

ఆమధ్య చుట్టాలింట్లో పుట్టువెంట్రుకలకు అందరూ కలిశారు. నాగచైతన్య కారులో కొత్తగా పెట్టించిన స్క్రీను చుట్టూ ఆడవాళ్లు మూగారు. పాట మారుద్దామని నవత వేలు చాచింది.

"ఆగమ్మా, నువ్వు నొక్కకు. అది కంపెనీది. బాయి వాళ్ల పిల్లవి, నీకివన్నీ అలవాటుండవు. అబ్బాయి నొక్కుతాళ్లే," అంది భారతమ్మ అందరి ముందూ, ఎంతో ప్రేమగా.

నవత వేలు వెనక్కి తీసుకుని చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూసి నాంచారమ్మ కడుపు రగిలిపోయింది. అత్తగారింటికి పోయి తన బిడ్డ నోరు లేనిదైపోయిందే అని కుమిలింది. తానే ఒక మాట అనేద్దామంటే ఎదురుగా ఉన్నది అల్లుడి తల్లి. ఆ రోజు నుంచీ ఆమెకు ఒకటే పంతం, తన బిడ్డను ఆ మాట ఇంకోసారి అననివ్వకూడదు. తమకూ కంపెనీది ఉంటే ఎట్లా అంటుందో చూడాలి.

అవకాశం దానంతట అదే వచ్చింది. భారతమ్మకు భద్రాద్రి రాముడి మొక్కు ఉంది. బయలుదేరదామనుకున్న వారమే నాగచైతన్య కోల్డ్ స్టోరేజీ పని మీద కారు వేసుకుని గుంటూరు పోయాడు. "మా కారుల పోదాం వదినా," అని నాంచారమ్మ ఫోనులో అనేసింది. అనేశాక తమ కారు గుర్తొచ్చింది. వెంటనే నవతకు ఫోను చేసింది.

"మన కారుకు గూడ టీవీ పెట్టియ్యాలెనే. యాడ దొరుకుతయి?"

నవత ముందు ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచింది. తర్వాత, "ఖమ్మంల బస్టాండు వెనక సందుల ధన్‌సింగ్ దుకాణం ఉంటది. ఆడికే పో అమ్మా. ఇంకో దుకాణం ఎక్కకు," అంది.

"గంత మంచిగ చేస్తడా?"

"మస్తు మంచిగ చేస్తడు," అంది నవత.

ధన్‌సింగ్ దుకాణంలో మనుషుల కంటే సీటు కవర్లకే ఎక్కువ చోటు ఉంది. అతను రెండు అట్టపెట్టెలు తీసి ముందు పెట్టాడు. "ఇది కంపెనీది తల్లీ. ఇది లోకల్. అద్దం ఒక్క తీరే, మోత ఒక్క తీరే. పేరు ఒక్కటే తేడా. ఆ పేరుకే మూడింతలు గుంజుతరు."

గురవయ్య చెయ్యి లోకల్ పెట్టె మీద వాలింది. నాంచారమ్మ కళ్లు మాత్రం కంపెనీ పెట్టె మీది వెండి అక్షరాల దగ్గరే ఆగిపోయాయి.

"అయ్యా, పేరు ఒక్కటే తేడా అన్నవు గద," అంది మెల్లగా. "ఆ పేరు దీని మీద అంటియ్యరాదు?"

"నీకేమన్న మతి పోయిందా?" అన్నాడు గురవయ్య.

ధన్‌సింగ్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. సొరుగు లాగితే అందులో వెండి అక్షరాల స్టిక్కర్లు కట్టలుగా ఉన్నాయి. "నేను అమ్మేది లోకలే, బిల్లు మీద గూడ అదే రాస్త. ఇంటికి పోయినంక ఎవరికేం చెప్పుకుంటరో మీ ఇష్టం. గిట్ల అడిగినోళ్లల్ల మీరే మొదలు గాదు, మీరే ఆఖరు గాదు," అంటూ స్క్రీను కింద ఒక స్టిక్కరు అంటించాడు. చివరి అక్షరం కాస్త పైకి లేచింది.

"వంకర పడ్డది," అన్నాడు గురవయ్య.

"పడనియ్యి. కంపెనీవోళ్లు మాత్రం దారం పట్టి అంటిస్తరా ఏంది?" అంది నాంచారమ్మ.

కారులో బిగించాక ధన్‌సింగ్ గురవయ్య ఫోనును దానికి కలిపాడు. ఇక ఫోను మాటలన్నీ కారు స్పీకర్లలోనే వినిపిస్తాయన్నాడు. స్క్రీను మీద కింది వైపు తన నంబరుకో ఆకుపచ్చ బొమ్మ పెట్టాడు. ఏదైనా తేడా వస్తే అది ఒక్కసారి ముట్టుకుంటే చాలు, తనకు మోగుతుంది. ముట్టుకుని చూపించాడు కూడా. కారంతా గణగణమంది. నిలబడి ఉన్న కారులోనే గురవయ్య బ్రేకు కసుక్కున తొక్కాడు.

"బాయిల టబ్బులు నడుస్తుంటే గంట కొడితిరా, ఆపాలె. కాలుకు అలవాటైంది," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఇంకో మాట కాకా. తడి తగలనియ్యకుండ్రి. లోకల్ అద్దం గద, తడి తగిలితే దానంతట అదే నొక్కుకుంటది," అన్నాడు ధన్‌సింగ్.

కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపు కుంకుమ బొట్టు పెట్టకుండా వాడరు. ఆ పని నాంచారమ్మ వైరాలో చేయలేదు. చూసేవాళ్లు లేని చోట పెడితే ఆ బొట్టుకు విలువేముంది? నీళ్లతో కలిపిన పసుపు చిన్న డబ్బాలో, కుంకుమ భరిణెలో పట్టుకుని తల్లాడ దాకా వచ్చింది. భారతమ్మ గేటు ముందు కారు ఆగాక, స్క్రీను వెలిగించి, పాట పెద్దగా పెట్టించి, అప్పుడు డబ్బా మూత తీసింది.

"తడి తగలొద్దన్నడు గదనే," అని గురవయ్య గొణిగాడు.

"నా చెయ్యి తడిగ లేదు. పసుపు తడిగున్నది," అంది ఆమె.

ఆమె స్క్రీను పైమూల ఒక బొట్టు పెట్టేసరికి నవత కారు దగ్గరికి వచ్చింది. స్క్రీను చూసింది. కింద వంకరగా ఉన్న వెండి అక్షరం చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్తమ్మా, మీరు గూడ ఒక బొట్టు పెట్టాలె. మీరు పెద్దోళ్లు," అంది. భారతమ్మ కాదనలేకపోయింది. పసుపులో వేలు ముంచి ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే నవతే చెప్పింది. "ఈడ అత్తమ్మా, కింద. ఆ పచ్చ బొమ్మ మీద అయితే ముద్దుగుంటది."

భారతమ్మ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, మీద కుంకుమ అద్ది, స్టిక్కరు వంక ఓరగా చూసింది. "కంపెనీదేనా వదినగారూ?"

"అవ్ వదినా. కంపెనీది గాక ఏం తీస్కుంటం?"

వియ్యపురాలికి ముందు సీటు ఇచ్చి, తాను నవతతో వెనక కూర్చుంది. టీవీని దగ్గర నుంచి చూడనీ అని ఆమె ఉద్దేశం. ఆ ఉద్దేశమే కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

ఏన్కూరు దాటకముందే పాట మధ్యలో ఆగి ఇంకో పాట మొదలైంది. అది పల్లవి దాటక ముందే మరొకటి. రాముడి మీద పాట కాస్తా డీజే దరువైపోయింది. గురవయ్య నొక్కితే ఆగలేదు.

"ఏమిటండీ, అదే మారుతోంది?" అంది భారతమ్మ.

"కంపెనీది గద వదినా. దానికి నచ్చని పాట అదే మార్సుకుంటది," అంది నాంచారమ్మ, రెప్ప వేయకుండా.

భారతమ్మ ఎందుకో తొందరగా ఒప్పేసుకుంది. "అవునవును. మాదీ అంతేనండి. మంచి కంపెనీవన్నీ అంతే." నవత కిటికీ వైపు తిరిగి దగ్గింది.

జూలూరుపాడు దగ్గర కారంతా గణగణమని మోగింది. గురవయ్య కాలు దాని పని అది చేసింది. కారు కసుక్కున ఆగింది, పులిహోర డబ్బా ముందుకు దొర్లింది, వెనక వస్తున్న ఆటోవాడు నానా మాటలూ అంటూ పక్కనుంచి పోయాడు. స్క్రీను మీద ధన్‌సింగ్ నంబరు పెద్దగా వెలిగింది. నాంచారమ్మ వెనక నుంచి మొగుడి భుజం పొడిచింది. వాడు ఎత్తాడంటే మొదటి మాటే స్టిక్కరు మీద ఉంటుంది. గురవయ్య జేబులోంచి ఫోను తీసి ఎట్లాగో కట్ చేశాడు. కారు కదిలి కాస్త దూరం పోయిందో లేదో మళ్లీ గంట, మళ్లీ బ్రేకు.

అప్పుడు అర్థమైంది నాంచారమ్మకు. నొక్కుతున్నది బొట్టు. అదీ వియ్యపురాలు పెట్టిన బొట్టు.

"ఏమయ్యా, దాన్ని ఆపు," అంది ముందుకు వంగి, పళ్ల బిగువున.

"ఆపే బటను గూడ దాని మీదనే ఉన్నది. అది బొట్టు మాట తప్ప నా మాట ఇంటలేదు," అంటూ గురవయ్య రుమాలు తీశాడు.

భారతమ్మ ఆ చెయ్యి అక్కడే ఆపేసింది. "బొట్టు తుడుస్తారా అన్నయ్యగారూ? రాములవారి దగ్గరికి పోతూ? నేను నా చేత్తో పెట్టింది." వియ్యపురాలు పెట్టిన బొట్టు ఆమె కళ్ల ముందే తుడిచేస్తే అది జన్మంతా మిగిలిపోయే మాట. గురవయ్య రుమాలుతో తన మొహం తుడుచుకున్నాడు.

"పోనీ ఫోన్ బందు పెట్టు," అంది నాంచారమ్మ.

"వద్దు నాన్నా," అంది నవత నెమ్మదిగా. "గుంటూరు నుంచి మీ అల్లుడు ఫోన్ చేస్తనన్నడు. అత్తమ్మ ఫోన్ల చార్జింగ్ లేదు, నాది ఇంట్ల మర్చిపోయిన."

"అయ్యో, అయితే ఆపకండి," అంది భారతమ్మ.

కూతురు ఇంత అమాయకురాలేమిటా అని నాంచారమ్మ తల పట్టుకుంది. కొత్తగూడెం దాటే దాకా గంట మోగడం, కారు ఆగడం, గురవయ్య కట్ చేయడం. పాల్వంచలో ఒకసారి అవతల నుంచి "హలో" అని కూడా వినపడింది. గురవయ్య రెండో మాట రాకముందే కట్ చేశాడు. పోయి మొక్కాల్సిన రాముడిని వదిలేసి నాంచారమ్మ ముందు రాబోయే అడవికి మొక్కుకుంది. తల్లీ, జల్దీ రా, సిగ్నల్ పోగొట్టు, వచ్చే ఏడు నీకే కొబ్బరికాయ కొడతా.

అడవి మాట విన్నది. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు చిక్కబడ్డాక ఫోనులో గీతలు ఒక్కొక్కటే పడిపోయాయి. స్క్రీను మూగబోయింది. ఈ దారిలో సిగ్నల్ లేదని ఇన్నేళ్లూ తిట్టిన తిట్లన్నీ నాంచారమ్మ మనసులోనే వెనక్కి తీసుకుంది. హాయిగా కాళ్లు చాపుకుని, ఇప్ప చెట్లు చూపిస్తూ వియ్యపురాలికి కబుర్లు కూడా చెప్పింది. కాకపోతే అడవి భద్రాచలం దాకా ఉండదన్న సంగతి మరిచిపోయింది.

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి ముందంతా బండ్లు నిలిచిపోయి ఉన్నాయి. ఎండకు కిటికీలన్నీ దించారు. సరిగ్గా అప్పుడు గణగణమంది. కారు ఆగే ఉన్నా గురవయ్య బ్రేకు తొక్కాడు. ఆయన ఫోను అందుకునేలోపే గొంతు వచ్చేసింది, వంతెన మీద అందరికీ వినపడేంత పెద్దగా.

"హలో, వైరా అమ్మా? ఏందమ్మా పొద్దుగాల్నుంచి గిన్నిసార్లు కొడుతున్నరు? నేను తిరిగి కొడితే కలుస్తలేదు. ఏమైంది, స్టిక్కర్ ఊడిందా? కంపెనీ పేరు మంచిగనే అంటిచ్చిన గద."

పక్కన బైకు మీది మనిషి తల తిప్పి కారులోకి చూశాడు. నాంచారమ్మ చీర కుచ్చిళ్లలోకి తల దూర్చుకునే చోటుంటే దూర్చుకునేది. అయిపోయింది. బిడ్డ తలెత్తుకునేలా చేద్దామని వచ్చి ఉన్న తల కూడా దించేసింది. రేపటి నుంచి బాయి వాళ్లు అనడమే కాదు, దొంగ స్టిక్కరు వాళ్లు అని కూడా అంటారు.

భారతమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. డాబా మీది గొంతుతో, "ఏమిటండీ ఆ స్టిక్కరు?" అంది.

స్పీకరులోంచి సంతోషంగా జవాబు వచ్చింది. "ఎవరూ, తల్లాడ అమ్మగారా? నమస్తే అమ్మా. మీ గొంతు మర్చిపోతనా, పూటంతా బేరం చేస్తిరి గద. మీది గూడ ఊడిందా? ఇద్దరు ఒక్క కార్లనే ఉన్నరా? అయితే రెండు బండ్లూ తీస్కరాండ్రి. ఇద్దరికీ ఒక్కసారే మళ్ల అంటిస్త, పైసలొద్దు."

భారతమ్మ మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. చటుక్కున పైట చెంగు తీసి, స్క్రీను మీద తాను పెట్టిన బొట్టును తానే అరచేతి మేర రుద్ది రుద్ది తుడిచేసింది. ఫోను కట్టయింది.

"బొట్టు తుడుస్తరా వదినా?" అంది నాంచారమ్మ, తేనె పూసిన గొంతుతో.

"చెమటకు కారిపోయిందండి," అంది భారతమ్మ, గోదావరి వంక చూస్తూ.

గురవయ్య స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెనక బండ్లు హారన్లు కొడుతున్నా ఆయన నవ్వు ఆగలేదు.

దర్శనం వరుసలో భారతమ్మ, గురవయ్య ముందు నడుస్తున్నారు. నాంచారమ్మ వెనక నవత పక్కన నడుస్తూ నడుస్తూ ఆగింది. ఆ దుకాణానికే పొమ్మన్నదెవరు? పచ్చ బొమ్మ మీదే బొట్టు పెట్టించిందెవరు? ఫోను ఆపనివ్వనిదెవరు? ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చింది.

"నీకు ముందుగాలనే ఎరుకనా?"

"అత్తమ్మ తోని దుకాణంకు పోయింది నేనే గదమ్మా. ఇంటికొచ్చినంక మా కారుకు గూడ గిట్లనే బొట్టు పెట్టింది. పాటలన్నీ ఆగమాగం అయినయి. కంపెనీవి అంతే అని చెప్పుకున్నది. నేను నవ్వి ఊకున్న."

ఆ నవ్వు. పుట్టువెంట్రుకల నాడు చూసి కడుపు రగిలించుకున్న నవ్వు. నోరు లేనిదనుకున్న బిడ్డ ఇన్నాళ్లూ మాట గుప్పిట్లో పెట్టుకుని కూర్చుందన్నమాట.

"మరి నన్ను గూడ ముంచినవ్ గదనే పాపిష్టిదానా."

"ఒక్క అత్తమ్మనే ముంచితే కొట్లాటైతది. ఇద్దర్ని ముంచితే సోపతైతది," అంది నవత, మొహంలో ఏ భావమూ లేకుండా. నాంచారమ్మ కూతురి వీపు మీద ఒకటి చరిచింది. గర్వంతో ఆమె కళ్లు చెమర్చాయి కూడా.

తిరిగి వచ్చేటప్పుడు అడవిలో రోడ్డు పక్కన కోయ ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని, తమ భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. భారతమ్మ కారు ఆపించి ఒక గంప మొత్తం కొని ఒళ్లో పెట్టుకుంది. ఎండకు స్క్రీను కింది స్టిక్కరు సగం ఊడి వేలాడుతోంది. ఆమె దాని వంక చూసింది, గోటితో పట్టి మెల్లగా లాగేసింది.

"వదినా," అంది, గారు లేకుండా, మొదటిసారి. "మాది కూడా మొన్నే ఊడిపోయింది. బంక పెట్టి అంటించుకున్నాను."

నాంచారమ్మ పకపకా నవ్వింది. భారతమ్మ ఆపుకోవాలని చూసి తానూ నవ్వేసింది. నవ్వుతూనే గంపలోంచి ఒక పెద్ద సీతాఫలం ఏరి, దాని మీద ఆ వెండి అక్షరాలు అంటించి, వెనక సీటులో ఉన్న కోడలికి అందించింది.

"ఇదిగోనమ్మా, కంపెనీది. పండిందో లేదో నువ్వే నొక్కి చూడు."

నవత బొటనవేలితో నొక్కి చూసింది. పండింది.